సుగ్గికి పోయిన ఇంటి దశమభాగం

కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత క్రైస్తవ సంఘాల కాపరులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ



ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, దీపావళి దాటేసరికి కోసిగి మండలంలో ఇళ్లకు తాళాలు పడటం మొదలవుతుంది. బియ్యం మూట, జొన్నపిండి, సత్తు గిన్నెలు, టార్పాలిన్ పట్ట, ప్లాస్టిక్ బిందె, సెల్‌ఫోన్ ఛార్జరు, కాళ్లు కట్టేసిన రెండు కోడిపెట్టలు లారీ ఎక్కుతాయి. వాటి మీద పిల్లలు. కొందరు గుంటూరు వైపు మిరపకోతలకు, కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి, ఇంకొందరు బెంగళూరుకు కట్టడం పనులకు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో సుగ్గి అనే ఈ వలస ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన కొందరు పిల్లలు. ఆ లారీల్లో మీ సంఘస్తులూ ఉంటారు. క్రిస్మస్ రాత్రి మందిరంలో చాపలు ఎందుకు ఖాళీగా ఉంటాయో మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

వాళ్లు తిరిగొచ్చేది ఉగాదికి అటూ ఇటుగా. సంఘానికి అది శ్రమదినాలు, గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ కాలం. ఆ వెంటనే వేసవి ఉజ్జీవ కూడికలు. ఏడాది మొత్తంలో ఆ ఇంటివాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు అవే. ఆ డబ్బుకు అప్పటికే వాటాదార్లున్నారు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరాలి, విత్తనాల అంగడి బాకీ తీరాలి, వడ్డీ కట్టాలి, మందులు కొనాలి, కూతురి పెళ్లికి కాస్త దాచాలి. ఆ వరుసలో దశమభాగమూ నిలబడుతుంది. ఆ దశమభాగాన్ని అడిగేటప్పుడు పరలోకం గురించి ఏం చెబుతున్నారు, తీసుకున్నాక ఏం చేస్తున్నారు అన్నదే ఈ లేఖ ఎత్తుకున్న సంగతి.

ఒక విషయం ముందే ఒప్పుకోవాలి. ఈ ప్రాంతంలో పల్లె కాపరి అంటే చాలాచోట్ల పేదవాడే. నికరమైన జీతం లేదు. మోటారు సైకిల్ మీద రెండు మూడు ఊళ్లు తిరగాలి, జబ్బుపడినవాళ్ల పక్కన రాత్రంతా కూర్చోవాలి, సమాధి కార్యక్రమానికి పిలిస్తే పరుగెత్తాలి. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం కోసం ఎదురుచూసే ఇళ్లు మీలో ఎన్నో ఉన్నాయి. సంఘం తన కాపరిని పోషించుకోవాలన్నది పౌలు రాసిన పత్రికల్లోనే ఉంది, దానిమీద తగాదా లేదు. అందుకే ఈ మాటలు కాపరి భోజనం గురించి కావు.

వేదికల మీద ఇప్పుడు రెండు రకాల వర్తమానాలు గట్టిగా వినిపిస్తున్నాయి. మొదటిది ఆశీర్వాదపు వర్తమానం. విత్తన కానుక వేస్తే నూరంతలు తిరిగొస్తుంది, అప్పు తీరుతుంది, బోరులో నీళ్లు పడతాయి, కొడుక్కి ఉద్యోగం వస్తుంది అని చెబుతారు. ఇది మొదట పెద్ద ఊళ్ల సభల్లో వినిపించింది, తర్వాత టీవీలోకి, యూట్యూబులోకి వచ్చింది. ప్రసంగం నడుస్తుంటే కింద క్యూఆర్ కోడ్ ఆగకుండా కనబడుతుంటుంది. మిరపచేలో టార్పాలిన్ కింద పడుకున్న మనిషి చేతిలోని ఫోను దాకా ఆ గొంతు చేరింది.

రెండోది ఓదార్పు వర్తమానం. ఈ లోకం రెండు రోజుల ముచ్చట, ఇక్కడి కష్టం కష్టం కాదు, పైన బంగారు వీధులున్నాయి, ఓర్చుకోండి అంటారు. పైకి చూస్తే మొదటిదానికి ఇది పూర్తిగా ఎదురు. వినేవాడి వైపు నుంచి చూస్తే మాత్రం రెండూ చివరికి ఒకే చోటికి చేరుస్తాయి. మొదటిది అతని దగ్గరున్న కొంచెం తీసుకుంటుంది, రెండోది అతనికి రావలసినది అడగొద్దంటుంది.

భూమ్మీద ధనం కూర్చుకోవద్దు, పరలోకంలో కూర్చుకోండి అన్న మాట మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. చిమ్మెట, తుప్పు, దొంగ అనే మూడు భయాలూ దాచుకోవడానికి ఏదైనా ఉన్నవాడివి. లూకా పన్నెండో అధ్యాయంలోని ధనవంతుడి పొలం విరగపండింది. పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్న ఆ రాత్రే అతని ప్రాణం పోయింది. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ధనవంతుడైన యువకుడు మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఈ కథలన్నిటిలో యేసు మాట తగిలేవాడికి కొట్లున్నాయి, పొలాలున్నాయి, వసూలు చేసిన సొమ్ముంది. అదే మాటను ఆర్నెల్లు పరాయి చేలో బతికి, మిగతా ఆర్నెల్లు అప్పు తీర్చే మనిషికి చెప్పాలంటే కాపరి కాసేపు ఆలోచించుకోవాలి. ఆ మాట ముందుగా వినాల్సినవాళ్లు అతనికి అప్పిచ్చినవాళ్లు, కూలి ఎగ్గొట్టినవాళ్లు. వాళ్లు సాధారణంగా మన సభలకు రారు.

బీద విధవరాలి రెండు కాసుల కథ కానుకల ప్రసంగాల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడుతుంది. మార్కు పన్నెండో అధ్యాయం 41 నుంచి 44 వరకు చదివి, అమ్మా, నీ దగ్గరున్నదంతా వెయ్యి అంటారు. సరిగ్గా దానికి ముందున్న 40వ వచనం చదివేవాళ్లు తక్కువ. దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లు మింగే శాస్త్రుల గురించి యేసు మండిపడ్డది అక్కడే. ఆ హెచ్చరిక అయిన వెంటనే ఆ విధవరాలు వచ్చి తన జీవనమంతా వేసేసింది. రెండు సంగతులూ పక్కపక్కనే ఎందుకు రాశారో సంఘ పెద్దలు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుంది.

దశమభాగం సంగతీ అంతే. మలాకీ మూడో అధ్యాయం పదో వచనం మన సంఘాల్లో చదువు రానివాళ్లకు కూడా నోటికి వచ్చు. దశమభాగాన్ని మందిరపు కొట్లోకి తెమ్మన్న మాట అది. ద్వితీయోపదేశకాండం 14:28, 29 ఎంతమందికి వచ్చు? ప్రతి మూడో ఏడాది పంటలో పదోవంతును ఊళ్లోనే ఉంచాలి, లేవీయుడితో పాటు పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు కడుపునిండా తినాలి అని అక్కడుంది. ఆ జాబితాలో లేవీయుడున్నాడు, అంటే కాపరి వాటాను ఎవరూ కాదనలేదు. కాకపోతే అతని పక్కన ముగ్గురు కూర్చున్నారు. కోసిగిలో ఆ ముగ్గురిని వెతకడానికి కష్టపడక్కర్లేదు. ఊరుగాని ఊళ్లో కోతకు పోయినవాళ్లు పరదేశులే. అవ్వతాతల దగ్గర వదిలిన పిల్లలు కళ్లముందే తిరుగుతుంటారు.

ఈ ప్రాంతంలో క్రైస్తవం నిన్న మొన్న వచ్చింది కాదు. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోవే. బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లోనే పని మొదలుపెట్టాడు. ఆ జిల్లాను 1876–78 నాటి ధాత కరువు తుడిచిపెట్టింది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గానీ, 1877లో భారత ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తెగ్గోశాడు. రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌండు ధాన్యం, పైన ఒక అణా. అంటే అరకిలో కూడా తూగని గింజలు. ఇది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు.

అదే కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ తీసుకున్న నిర్ణయం ప్రతి సంఘ పెద్దా గుర్తుపెట్టుకోదగ్గది. ఆకలితో ఉన్నవాడు అన్నం కోసం బాప్తిస్మం అడుగుతాడని ఆయనకు తెలుసు. అందుకని కరువు సహాయం నడిచినన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. మిషన్‌లో చేరినవాళ్లకే పని అన్న షరతు పెట్టలేదు. సహాయం ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గింజలకూ రక్షణకూ మధ్య ఆయన వేసిన గట్టు అది. విత్తన కానుక ప్రసంగం ఆ గట్టును అవతలి వైపు నుంచి తెంపుతోంది. క్లౌ అన్నం ఎర చూపి విశ్వాసం అడగనన్నాడు. ఇప్పుడేమో విశ్వాసం పేరు చెప్పి అన్నపు డబ్బులు అడుగుతున్నారు.

పేదవాడు కానుక ఇవ్వకూడదా అంటే, తప్పకుండా ఇవ్వాలనే చెప్పాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టి, 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన మందలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. తెల్లదొరల డబ్బు మీద ఆధారపడిన సంఘానికి వెన్నెముక ఉండదని ఆయన నమ్మకం. క్రైస్తవ దాతృత్వం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం, కోతపండుగకు ధాన్యం, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టడం ఆ సంఘాల్లో బలపడ్డాయి. ఆ గింజలతో పల్లె ఉపదేశకులు బతికారు, పల్లె బళ్లు నడిచాయి. ఇచ్చినవాడికి పదింతలు తిరిగొస్తుందన్న హామీ దాని మీద అంటించలేదు. తనకూ ఇచ్చే చెయ్యి ఉందని కూలిమనిషికి తెలిసింది. ఎవరి దగ్గరా ఎప్పుడూ తీసుకోవడమే అలవాటైన మనిషికి అది చిన్న సంగతి కాదు.

ఆ గుప్పెడు బియ్యం మన దగ్గర చాలాచోట్ల పాత జ్ఞాపకమైపోయింది గానీ, మిజోరంలో వందేళ్లు దాటినా ఆగలేదు. అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాల ఆడవాళ్లు పూటపూటా తీసిపెట్టే బియ్యం విలువ ఏటా కోట్ల రూపాయలకు చేరుతోంది. ఆ డబ్బుతో సువార్త పనివాళ్లు దేశంలో నలుమూలలా పనిచేస్తున్నారు. గుప్పెడుకు లెక్క ఉంది కాబట్టి అది కోట్లయింది.

డబ్బు అడగని పద్ధతికి ఉదాహరణ హైదరాబాదులోని హెబ్రోను సహవాసాలు. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్తసింగ్ ఆ సహవాసాలకు మూలపురుషుడు. 2000 సెప్టెంబరు 17న చనిపోయేదాకా జీతం తీసుకోలేదు, డబ్బు కోసం విజ్ఞప్తులు పంపలేదు. ఆయన నడిపిన పరిశుద్ధ కూడికలకు వేలమంది వచ్చి ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసేవాళ్లు. అవసరమేదో మోకాళ్ల మీదే అడిగే పద్ధతి ఆయనది. ఇప్పుడు ఆ పద్ధతి అందరూ పాటించలేకపోవచ్చు. ఆయన పేరు వేదికల మీద గౌరవంగా తలుచుకునేవాళ్లు ఆయన డబ్బు సంగతి ఎలా చూసుకున్నాడో కూడా చెబితే బాగుంటుంది.

మన పక్క జిల్లాలో ఇంకో రకం మనిషి పనిచేశాడు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్‌గా ఇండియా వచ్చాడు. మహారాష్ట్రలో పొమ్మనిపించుకుని 1969లో అనంతపురం చేరాడు, ఆ మరుసటేడు జెసూట్ సభను వదిలేశాడు. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురం జిల్లా పల్లెల్లో వేల ఇళ్లు కట్టింది. పట్టా ఆడమనిషి పేరు మీద రాయించింది. బత్తలపల్లిలో పెద్దాసుపత్రి పెట్టింది. 2009 జూన్ 19న ఆయన చనిపోతే బత్తలపల్లిలోనే సమాధి చేశారు. ఆ సమాధి దగ్గర అన్ని మతాలవాళ్లూ నిలబడతారు. ఆయన పరలోకం గురించి ఎక్కువ మాట్లాడిన మనిషి కాడు. ఇంటి కాగితం మీద ఎవరి పేరుండాలన్నది మాత్రం పట్టించుకున్నాడు.

విత్తన కానుక ప్రసంగం మన నేల మీద మొలిచింది కాదు. 2007లో అమెరికాలో సెనేటర్ చార్లెస్ గ్రాస్లీ ఆరు పెద్ద టీవీ సువార్త సంస్థల లెక్కలు అడిగాడు. విమానాలు, బంగళాలు, జీతాలు అన్నీ చర్చకొచ్చాయి. 2011లో నివేదిక వచ్చింది గానీ ఎవరికీ శిక్ష పడలేదు. ఆ ఆరుగురిలో ఒకడైన బెన్నీ హిన్ 2019 సెప్టెంబరులో తనే వేదికెక్కి, దేవుడి ఆశీర్వాదాలకు వెల కట్టడం తప్పని, ఇకమీదట అలా అడగనని చెప్పాడు. అంతకు పదేళ్ల ముందే లొసాన్ అనే ప్రపంచ సువార్త ఉద్యమానికి చెందిన ఆఫ్రికా వేదాంతులు ఘనాలోని అక్రోపాంగ్‌లో కూర్చుని, ఈ బోధ వాక్యానికి విరుద్ధమని, పేదల ఆశను దోచుకుంటోందని తేల్చారు. మొదలుపెట్టినచోటే అమ్మినవాడొకడు తప్పన్న సరుకు కోసిగి అంగట్లో ఇంకా కొత్త ధరకు అమ్ముడుపోవడం బాధాకరం.

పరలోక నిరీక్షణ అబద్ధమని ఈ లేఖ అనడం లేదు. అక్షరాస్యతలో రాష్ట్రానికి అట్టడుగున ఉన్న మండలాల్లో కోసిగి ఒకటి. ఇక్కడ అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పల్లవి, చరణాలు తడుముకోకుండా పాడుతుంది. వాటిలో ఎన్నో పురుషోత్తమ చౌదరి (1803–1890) కట్టినవి. సుగ్గికి పోయిన కొడుకు రోడ్డు ప్రమాదంలో పోతే, శవం ఊరికి వచ్చేదాకా ఆ తల్లిని నిలబెట్టేది ఆ పాటే. అలాంటి ఇంటి ముందు పరలోకం గురించి చెప్పే హక్కు కాపరికి ఉంది. చెప్పాలి కూడా. ఆ హక్కుతో పాటే, ఆ లారీ మీద అంతమందిని ఎవరు ఎక్కించారు, నష్టపరిహారం ఎవరు అడగాలి అన్నది తేల్చే పని కూడా సంఘం మీద పడుతుంది.

నిరీక్షణ ఉన్నవాళ్లు భూమిని చిన్నచూపు చూడలేదు. అబ్రాహాము గుడారాల్లో బతికాడని చెప్పి టార్పాలిన్ కింది కుటుంబాన్ని ఊరడించడం తేలికే. అబ్రాహాముకు మందలున్నాయి, వెండి బంగారాలున్నాయి. భార్య శారా చనిపోతే సమాధి కోసం మక్పేలా గుహను ఊరి గవిని దగ్గర అందరి ఎదుట నాలుగు వందల తులాల వెండి తూచి కొన్నాడు. ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు, హక్కు కావాలన్నాడు. యిర్మీయా కథ ఇంకా ఆశ్చర్యం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది, పట్టణం రేపో మాపో కూలుతుందని చెబుతున్నదీ ఆయనే, చెరసాల ప్రాంగణంలో ఉన్నదీ ఆయనే. ఆ సమయంలో అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ముద్ర వేసిన దస్తావేజును, వేయని నకలును మట్టికుండలో భద్రం చేయించాడు. ఈ నేలలో మళ్లీ ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు కొంటారన్న నమ్మకాన్ని ఆయన రిజిస్ట్రేషన్ కాగితంతో చెప్పాడు.

ఆ కాగితం సంగతి మన సంఘాల్లోకి తెస్తే కాస్త ఇబ్బందిగా ఉంటుంది. పాత మిషన్ సంఘాల ఆస్తులు ట్రస్టుల పేరు మీద ఉన్నాయి, వాటి అమ్మకాల మీద రాష్ట్రమంతటా తగాదాలున్నాయి. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల మందిరం స్థలం కాపరి సొంత పేరు మీదే ఉంటుంది. ఇసుక, ఇటుక, సిమెంటు కూలిజనం మోసి తెచ్చినవి. కాపరి కన్నుమూస్తే ఆ మందిరం కొడుకు వారసత్వమవుతుంది. అన్నదమ్ములు పడకపోతే సంఘం రెండుగా చీలుతుంది. భూమ్మీది ఆస్తి శాశ్వతం కాదని ప్రతి ఆదివారం విన్న జనం ఆ చీలికను చూసి ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు.

ఇంకో కాగితం గురించి సంఘాల్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గానీ క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ–సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. ఎస్సీ హోదా ఇవ్వాలని శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. ఈ లోపు బాప్తిస్మంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరుతో బతికే ఇళ్లు మీ సంఘాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. విశ్వాసానికి భూమ్మీద ఇంత వెల చెల్లిస్తున్న మనిషిని, విశ్వాసం చాలక నీకు ఆశీర్వాదం రాలేదని వేదిక మీంచి నిందించడం కంటే పెద్ద అన్యాయం ఉండదు.

ఆదిమ సంఘంలో వచ్చిన మొదటి ఫిర్యాదు దేని గురించో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం దాచిపెట్టలేదు. రోజువారీ వడ్డనలో మా విధవరాళ్లకు అందడం లేదని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు వాళ్లను సాతాను ప్రేరేపించాడనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే పంపకాన్ని ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే అప్పగించారన్నమాట. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు ఆ సొమ్మును తనొక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్నవాళ్లను వెంట తీసుకెళ్లాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుడి ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని కొరింథీయులకు రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో కారణం రాశాడు. పౌలుకే సాక్షులు కావలసి వచ్చినప్పుడు పల్లె సంఘపు ట్రెజరర్‌కు అక్కర్లేదా?

కాబట్టి మీ ముందు పెడుతున్న విన్నపాలు నాలుగు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెటూ అక్కర్లేదు.

మొదటిది, లెక్క. మూడు నెలలకోసారి మందిరం గోడ మీద ఒక కాగితం అతికించాలి. వచ్చిన కానుక, కాపరి పోషణ, కరెంటు బిల్లు, సభల ఖర్చు, బీదలకిచ్చింది, మిగిలింది అంతా అందులో ఉండాలి. చదవలేనివాళ్లున్నారు కాబట్టి ఆరాధన అయ్యాక పైకి చదవాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద ఉండాలి, రెండు సంతకాలుంటే తప్ప డబ్బు కదలకూడదు. స్థలం కాపరి పేరు మీద ఉంటే రిజిస్టరైన సొసైటీ పేరుకు మార్చాలి. కమిటీలో సుగ్గికి పోయే ఇళ్ల నుంచి కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి.

రెండోది, అడగడం. ఉగాదికి తిరిగొచ్చిన ఇళ్ల దగ్గర ఆ రెండు మూడు నెలలు విత్తన కానుకలు, మొక్కుబడి చీటీలు అడగకూడదు. అప్పు తీర్చుకోవడం కూడా నీతిగల పనే అని వేదిక మీంచి చెప్పాలి. బయటి నుంచి వచ్చే ప్రసంగీకులకు ఈ షరతు ముందే చెప్పి పిలవాలి. ఒప్పుకోనివాళ్లు రాకపోతే సంఘానికి పోయేదేమీ లేదు.

మూడోది, మూడో ఏటి దశమభాగం. మూడేళ్లకోసారి మొత్తమైనా సరే, ఏటా మూడోవంతైనా సరే, ఊళ్లో మిగిలిపోయిన పిల్లలకు, ముసలివాళ్లకు కేటాయించాలి. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అవి లారీలు కదిలే నాటికే తెరుచుకునేలా ఎంఈవో దగ్గరికి వెళ్లి అడిగేది ఎవరు? స్త్రీల సమాజం వెళ్లవచ్చు. తెరుచుకోవడం ఆలస్యమైతే మందిరంలోనే పిల్లలకు రాత్రి పూట అన్నం పెట్టవచ్చు, చదువు చెప్పవచ్చు. మందిరంలో లైటుంది, ఫ్యానుంది, వారంలో ఎక్కువ రోజులు అది ఖాళీగా ఉంటుంది. ఆ అన్నం పంక్తిలో బోయల పిల్లవాడు, సాయిబుల పిల్లవాడు కూడా కూర్చోవాలి. క్లౌ కాలువ పనిలో పెట్టని షరతును మీరు అన్నం దగ్గర పెట్టకూడదు.

నాలుగోది, కూలి. చేలు కోసిన పనివాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలే మొరపెడుతుందని, ఆ కేక దేవుడి చెవిన పడుతుందని యాకోబు తన పత్రిక ఐదో అధ్యాయంలో రాశాడు. కోత కూలీల సంఘాల్లో ఇది ఏటా రెండుసార్లయినా ప్రసంగించాల్సిన భాగం. ప్రసంగంతో పాటు ఒక పుస్తకం పెట్టండి. ఎవరు ఏ ఊరికి పోతున్నారు, మేస్త్రీ ఎవరు, ఫోన్ నంబరేది, అడ్వాన్సు ఎంత, కాయ కిలోకు ఎంత ఒప్పుకున్నారు, వెంట పిల్లలెందరు అన్నది రాసుకోండి. వేళ్లు మిరప ఘాటుకు మండి, రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బందిపడే మనిషి ఆ కిలో లెక్కలో మోసపోతే, అడగడానికి ఊళ్లో ఒక కాగితం ఉండాలి. సంఘం పేరుతో మాట్లాడే గొంతు ఉండాలి.

వీటిమీద మీకు అభ్యంతరాలుండవచ్చు. లెక్కలు గోడకెక్కిస్తే కానుకలు తగ్గుతాయని కొందరి భయం. మిజోరం అనుభవం దానికి ఎదురు చెబుతోంది. కూలి విషయంలో తలదూరిస్తే మేస్త్రీలతో గొడవలొస్తాయని ఇంకొందరంటారు. నిజమే, రావచ్చు. మేస్త్రీల్లో కొందరు మీ సంఘ పెద్దలే కావచ్చు, అప్పుడు గొడవ మందిరంలోకే వస్తుంది. అది రావలసిన చోటూ అదే.

మొదటి లెక్క చదవడానికి దీపావళికి ముందు వచ్చే ఆదివారం పెట్టుకోండి. గడిచిన ఈస్టర్ నుంచి వచ్చిన కానుకల మొత్తం ట్రెజరర్ చదవాలి. మూడో ఏటి వాటా ఎంతో, అది ఎవరి చేతిలో ఉంటుందో ఆ రోజే తేల్చాలి. సుగ్గి పుస్తకం మొదటి పేజీ కూడా ఆ రోజే రాయాలి. ఇంకో రెండు వారాలు ఆగితే ఆ డబ్బు ఇచ్చినవాళ్లు గుంటూరు దారిలో ఉంటారు. లెక్క వినడానికి కమిటీ సభ్యులే మిగులుతారు.

ఇట్లు,
ఈ ప్రాంత సంఘాల మేలు కోరే ఒక విశ్వాసి